నోరు కట్టుకున్న పిల్ల

హన్మయ్య కూతురు అరుణశ్రీ నోరు కట్టుకున్న సంగతి సురంగల్‌లో తెలియని ఇల్లు లేదు. పెళ్లికి పోయినా పేరంటానికి పోయినా ఆ పిల్ల లడ్డూ ముట్టదు, బూంది ముట్టదు. బగారా అన్నం, మటన్ కూర పొగలు కక్కుతూ ముందుకొచ్చినా నాలుగు దోసకాయ ముక్కలు నమిలి, మంచినీళ్లు తాగి లేస్తుంది. "నోరంటే అట్ల ఉండాలె," అని ఆడవాళ్లు తమ పిల్లలకు చూపించి చెప్పేవారు.

ఔటర్ రింగు రోడ్డు కోసం పొలాల్లో హద్దురాళ్లు పాతుతున్న రోజులవి. మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి పొద్దున్నే తెల్ల సుమోలు ఉద్యోగాల పిల్లల్ని ఎక్కించుకుని గచ్చిబౌలి వైపు పరుగెత్తేవి. అరుణశ్రీకి అక్కడొక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ఆ ఆఫీసులో తిండికి కొదవ లేదు. పొద్దున బిస్కెట్లు, సాయంత్రం సమోసాలు, ఎవరి పుట్టినరోజైతే వాళ్ల కేకు, ప్రాజెక్టు గట్టెక్కిన రోజున పిజ్జాలు. మిషన్ మీద బొత్తాం నొక్కితే చక్కెర కలిసిన కాఫీ. ఏడాది తిరగకముందే ఆమె కొత్త చుడీదార్లు చంకల దగ్గర పిగిలాయి.

అంతవరకూ ఆమె నవ్వుకుంది. ఆ తర్వాత ఆఫీసులోనే వైద్య శిబిరం పెట్టారు. నర్సు కాగితం చూసి, "షుగర్ బార్డర్‌లో ఉందమ్మా, చూసుకో," అంది. రోజూ ఎంతోమందితో అనే మాటే. అరుణశ్రీకి మాత్రం కాళ్ల కింద నేల కదిలినట్టయింది.

హన్మయ్యకు తీపి అంటే ప్రాణం. టమాటా, బంతిపూలు పండించి చేవెళ్ల మార్కెట్‌కు తీసుకెళ్లేవాడు. సరుకు దిగిందో లేదో జిలేబీ పొట్లం చంకన పెట్టుకుని ఇంటికొచ్చేవాడు. షుగరు వచ్చిందన్నాక కూడా నోరు కట్టుకోలేక, చివరికి ఎడమకాలి వేళ్లు రెండు దవాఖానలో వదిలి వచ్చాడు. కట్టు విప్పిన రోజున డిగ్రీ చదువుతున్న అరుణశ్రీ పక్కనే ఉంది. వేళ్లుండాల్సిన చోట నునుపుగా మెరిసే చర్మాన్ని చూసి ఆ పూట అన్నం తినలేకపోయింది. నర్సు 'బార్డర్' అనగానే ఆమెకు కళ్ల ముందు కనిపించింది ఆ పాదమే.

ఆ రోజు నుంచి తన నాలుక మీద తానే కాపలా కూర్చుంది. ఆఫీసు కంప్యూటర్‌లో వెతికి వెతికి చదివింది. తీపి మీదికి మనసు పోతే గ్లాసెడు నీళ్లు తాగేది. అయినా పోకపోతే పళ్లు తోముకునేది. పేస్టు రుచి నోట్లో ఉండగా మైసూర్‌పాక్ కూడా చేదే. అదీ కాకపోతే మెట్లు ఎక్కి దిగేది. చక్కెర మానింది, అన్నం మానింది. ఎర్రమాంసం చెడ్డదని చదివి మటన్ మానింది, పచ్చసొన మంచిది కాదని గుడ్డు మానింది. ఓట్స్, దోసకాయ, యాపిల్, ఎప్పుడు చూసినా చేతిలో గ్రీన్ టీ. ఒళ్లు తగ్గింది. చుడీదార్లు వదులయ్యాయి. సుమోలో ఆమె పక్కన కూర్చునే మొయినాబాద్ పిల్ల సింధుజ, "అక్కా, నువ్వు తినేదే నేను గూడ తింట, నాకు నేర్పు," అని వెంటపడింది. అరుణశ్రీ సంతోషంగా నేర్పింది.

తీపి మీద గెలిచిన కొన్ని నెలలకు ఇంకోటి మొదలైంది.

మొదట ఐసు. క్యాంటీన్‌లో కూల్‌డ్రింకుల కోసం పెట్టిన ఐసు ముక్కల్ని గ్లాసులో నింపుకుని కరకరా నమిలేది. దాంట్లో కొవ్వు లేదు, చక్కెర లేదు, నష్టమేముందనుకుంది. తర్వాత ఇంట్లో బియ్యం డబ్బా దగ్గర చెయ్యి ఆగడం మొదలుపెట్టింది. "పచ్చి బియ్యం బుక్కితె నీ లగ్గం నాడు వాన పడ్తది చూడు," అని తల్లి ముత్తమ్మ నవ్వేది.

బతుకమ్మ పండుగ ముందు ముత్తమ్మ అంగట్లో కొన్న జాజు నానబెట్టింది. గడపకూ అరుగుకూ పూసే ఎర్రమట్టి అది, గడ్డలుగా అమ్ముతారు. అరుగు అలికి ఆమె లోపలికి వెళ్లింది. తడి జాజు వాసన ముక్కుకు తగలగానే అరుణశ్రీకి నోటి నిండా నీళ్లూరాయి. ఏ మిఠాయి కొట్టు ముందూ అంతగా ఊరలేదు. ఒక్కసారి దగ్గరగా వాసన చూద్దామని వంగింది. తర్వాత చూసుకుంటే తన వేలు తన నోట్లో ఉంది. అలికిన అరుగు మీద కొత్తగా ఒక గీత పడి ఉంది.

ఎప్పుడు గీకిందో ఆమెకు తెలియదు. చాలాసేపు ఆ గీతనే చూస్తూ నిలబడింది. తర్వాత గబగబా చేత్తో చెరిపేసింది.

నీళ్లు తాగింది, పళ్లు తోముకుంది. పొలం గట్టు దాకా నడిచి వచ్చింది. ఇన్నాళ్లూ పనిచేసిన విద్యలేవీ దీని ముందు పనిచేయలేదు. వాసన తల లోపలే కూర్చుంది. మిగిలిన జాజు గడ్డల్లోంచి ఒకటి తీసి, చిన్న పలుకులుగా కొట్టి, ఖాళీ మాత్రల డబ్బాలో పోసుకుంది. ఆ డబ్బా హ్యాండ్‌బ్యాగులోకి చేరింది. తనకు తాను సమాధానం కూడా చెప్పుకుంది: తీపి కాదు కదా, షుగరు పెరగదు కదా. కానీ ఎవరైనా చూస్తారేమోనని బాత్రూంలోకి వెళ్లి తినేటప్పుడు, అద్దంలో తన ముఖాన్ని చూసుకోవడానికి ఆమెకు ధైర్యం చాలేది కాదు. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, జుట్టు ఊడుతోంది. డైటింగు చేస్తే మొదట్లో అలాగే ఉంటుందని ఎక్కడో చదివింది.

ఒకరోజు పొద్దున మంచు బాగా పట్టింది. సుమో మొయినాబాద్‌లో సింధుజను ఎక్కించుకుని బయలుదేరింది. బండి నడిపే సైదులుది కూడా సురంగలే. హన్మయ్యను కాక అని పిలుస్తాడు. అరుణశ్రీ కిటికీ వైపు తిరిగి, దగ్గు వచ్చినట్టు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని జాజు పలుకు నోట్లో వేసుకుంది. అదే క్షణాన ముందుపోయే లారీ ఆగింది. సైదులు బ్రేకు తొక్కాడు. పలుకు గొంతుకు అడ్డం పడింది.

ఆమె దగ్గిన దగ్గుకు తెల్ల చున్నీ ఎర్రబడింది. సింధుజ మోచేతి మీద ఎర్రటి తుంపర్లు పడ్డాయి. ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేనట్టయిపోయిన సింధుజ, "అన్నా, బండి ఆపు. అక్క రక్తం కక్కుతున్నది," అంది.

సైదులు అద్దంలో చూశాడు. అరుణశ్రీ పెదవులు, గడ్డం, పళ్లు ఎర్రగా ఉన్నాయి. అతను ఇంకో మాట అడగలేదు. బండిని అక్కడే వెనక్కి మళ్లించి చేవెళ్ల రోడ్డు పట్టాడు.

కాదు, ఇది రక్తం కాదు అని చెప్పాలనుకుంది అరుణశ్రీ. దగ్గు తెరిపినివ్వలేదు. దగ్గు ఆగేసరికి సింధుజ టీంలీడర్‌తో ఫోన్‌లో ఏడుస్తోంది. సైదులు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "కాకా, జర బయలెల్లు. చెల్లెకు పానం బాగలేదు. దవాఖానకు తీస్కపోతున్న." ఇప్పుడు చెప్పడం ఎలా? నేను మట్టి తిన్నానని ఎవరితో అనాలి? ఇంకాస్త ఆగి చెబుదామనుకుంది. ఆగినకొద్దీ ఆ మాట బరువెక్కింది.

చేవెళ్ల దారిలో ఉన్న ఆ ప్రైవేటు దవాఖానలో డ్యూటీ డాక్టరు ఉమారాణి నడివయసు మనిషి. అరుణశ్రీని మంచం మీద పడుకోబెట్టి, "దగ్గితే వచ్చిందా, వాంతిలో వచ్చిందా?" అని అడిగింది. అరుణశ్రీ తల అటూ ఇటూ కాకుండా ఊపింది. నర్సు అప్పటికే తడిబట్టతో ఆమె మూతి శుభ్రంగా తుడిచేసింది. ఉమారాణి ఆమె కింది కనురెప్పను వేలితో లాగి చూసింది. ఒక్క క్షణం ఆగింది. రెండో కన్ను కూడా చూసింది. గోళ్లు చూసింది. "వెంటనే బ్లడ్ పంపండి," అని నర్సుతో మెల్లగా అంది.

పరీక్షలో తేడా ఏమీ ఉండదు, బాగానే ఉన్నావని పంపేస్తారు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అరుణశ్రీ పైకప్పు చూస్తూ అదే అనుకుంది.

ఉమారాణి కాగితంతో తిరిగొచ్చినప్పుడు ఆమె ముఖంలో మార్పు కనిపించింది. "హిమోగ్లోబిన్ ఐదు ఉందమ్మా. ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. ఇంత తక్కువ రక్తంతో నువ్వు ఆఫీసుకు ఎట్లా పోతున్నావో నాకర్థం కావట్లేదు. లోపల ఎక్కడో రక్తం పోతోంది. ఇక్కడ రక్తం ఎక్కించి, అంబులెన్సులో సిటీకి పంపిస్తాం. గొంతులోంచి కెమెరా గొట్టం వేసి చూడాలి."

అబద్ధమనుకున్నది అబద్ధం కాలేదు. రక్తం కక్కలేదు గానీ రక్తం మాత్రం నిజంగానే లేదు. అయితే అది ఎటు పోయింది? ఇంతకాలం ఒళ్లు తగ్గుతోందని మురిసిపోయిందే, తగ్గింది ఇదా? చేతులు రెండూ ఎత్తి చూసుకుంది. అరచేతులు తెల్ల కాగితంలా ఉన్నాయి. రోజూ అన్నం కలపాల్సిన చేతులు, కీబోర్డు కొట్టే చేతులు, వాటి రంగు ఎప్పుడు పోయిందో ఆమె చూసుకోనే లేదు.

బయట సైదులు రక్తం ఇవ్వడానికి చొక్కా చెయ్యి మడుస్తున్నాడు. అప్పుడే హన్మయ్య, ముత్తమ్మ వచ్చారు. ఎవరి మోటార్‌సైకిల్ మీదో ఎక్కి వచ్చినట్టున్నారు. ముత్తమ్మ కూతురి కాళ్ల దగ్గర కూలబడింది. హన్మయ్య మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమైంది బిడ్డా? నెత్తురు కక్కినవంట. నాకెందుకు చెప్పలే?"

అరుణశ్రీ అతని వైపు చూడలేక చూపు కిందికి దించుకుంది. అప్పుడు కనిపించింది. తలుపు దగ్గర నుంచి మంచం దాకా తెల్ల టైల్స్ మీద వరుసగా ఎర్రటి ముద్రలు. ఒక్కొక్క ముద్రలో రెండు వేళ్లు తక్కువ.

చెప్పులు లేకుండా వాకిట్లోకి కూడా దిగొద్దని డాక్టర్లు కట్టడి చేసిన మనిషి. ఫోన్ వచ్చేసరికి టమాటా తోటలో నీళ్లు పెడుతూ ఉండి, ఉన్నవాడు ఉన్నట్టే వచ్చేశాడు. గాజుపెంకో, రాయో అరికాల్లో దిగింది. స్పర్శ లేని పాదం కాబట్టి అతనికి తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. కూతురి ముఖమే చూస్తున్నాడు.

"బాపు, నీ కాలు," అంది అరుణశ్రీ.

"నా కాలు గురించి ఫికర్ ఎందుకిప్పుడు? నీ సంగతి చెప్పు."

"బాపు, కాలు చూస్కో. నెత్తురు కార్తున్నది."

హన్మయ్య వెనక్కి తిరిగి నేల చూశాడు. తన కాలు తనది కానట్టు, ఎవరిదో అన్నట్టు చూశాడు. నర్సు పరుగున వచ్చి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. దూది అద్దినకొద్దీ తడుస్తూనే ఉంది. ముత్తమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

అరుణశ్రీ మంచం మీద లేచి కూర్చుంది. ఇక ఆగలేకపోయింది. "నేను నెత్తురు కక్కలే," అంది. "గది జాజు."

ఎవరికీ అర్థం కాలేదు. సింధుజ తలుపు దగ్గర నిలబడిపోయింది.

"జాజు అంటె?" అంది ముత్తమ్మ.

"గడపకు పూసే జాజే అవ్వా. నేనే తిన్న. పండుగప్పటి సంది తింటున్న. బండి దబ్బున ఆగేసరికి గొంతుల ఇరికింది." హ్యాండ్‌బ్యాగులోంచి డబ్బా తీసి మంచం మీద పెట్టింది. మూత తీసింది. "బాపు చెప్పుల్లేకుంట ఉరికొచ్చింది నా అబద్ధానికి."

హన్మయ్య ఆ ఎర్ర పలుకుల్నీ, కూతురినీ మార్చి మార్చి చూశాడు. "మన్ను తిన్నవా బిడ్డా," అన్నాడు చివరికి. "ఇంట్ల అన్నం లేదా?" తిట్టినా బాగుండేది. ఆ గొంతు వింటే అరుణశ్రీకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఉమారాణి డబ్బా తీసుకుని వాసన చూసి, మూత పెట్టేసింది. ఆమె తిడుతుందని అరుణశ్రీ తల వంచుకుంది.

"ఐసు కూడా నములుతున్నావా?" అని అడిగింది ఉమారాణి.

అరుణశ్రీ తలెత్తింది. ఐసు సంగతి తాను ఎవరికీ చెప్పలేదు. "మీకెట్ల తెలుసు మేడం?"

"పచ్చి బియ్యం?"

"అవును."

"మాంసం మానేశావా? టీ ఎక్కువ తాగుతున్నావా? నెలసరిలో రక్తం ఎక్కువ పోతుందా?"

అన్నింటికీ అవునని చెబుతూ పోయింది అరుణశ్రీ. డాక్టరమ్మ తన ఇంట్లో ఉండి చూసినట్టు అడుగుతోంది. ఉమారాణి కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. "ఇది నీ నోటి పొగరు కాదమ్మా, పిచ్చీ కాదు. ఒంట్లో ఇనుము అడుగంటిపోతే కొందరికి ఇట్లా మట్టి మీదికి, ఐసు మీదికి మనసు పోతుంది. ఎందుకు పోతుందో పెద్ద పెద్ద డాక్టర్లకే పూర్తిగా తెలియదు. ఆ జాజు ఎరుపు కూడా ఇనుము తుప్పుదే. కానీ ఆ రూపంలో నీ ఒంటికి పట్టదు. పైగా తిన్న తిండిలోంచి కూడా పట్టనివ్వదు. నువ్వు వదిలేసినవి చక్కెర ఒక్కటే అయితే బాగుండేది. రక్తం పట్టేవన్నీ వదిలేసి, తిన్న కాస్త దాని మీద టీ పోశావు."

"నేను మంచి తిండే తింటున్న అనుకున్న మేడం."

"తెలుసు. నాకిక్కడ రోజుకో అమ్మాయి వస్తుంది," అంది ఉమారాణి. అంబులెన్సు ఇప్పుడే వద్దని నర్సుకు చెప్పింది. లోపల రక్తం పోవడం లేదని తేల్చే పరీక్షలు ఇక్కడే చేద్దామంది. రక్తం ఎక్కించడం మాత్రం తప్పదంది. తర్వాత హన్మయ్య కాలు చూడ్డానికి లేచింది. అరికాల్లోంచి అంగుళం పొడవు గాజుపెంకు బయటికొచ్చింది. తీస్తున్నప్పుడు హన్మయ్య చలించలేదు. చూస్తున్న అరుణశ్రీకే ఒళ్లు జలదరించింది.

తండ్రినీ కూతురినీ ఒకే దవాఖానలో ఉంచేశారు. చీము పడితే పాదం మొత్తానికే ప్రమాదమని హన్మయ్యకు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మధ్యాహ్నం సైదులు ఇచ్చిన రక్తానికి బదులుగా వచ్చిన సీసా ఆమె చేతిలోకి బొట్లుబొట్లుగా దిగుతుంటే, హన్మయ్య కుంటుకుంటూ వచ్చి ఆమె మంచం పక్కన కూర్చున్నాడు.

"ఎట్ల గుంజుతది నీకు?" అని అడిగాడు.

"ఏంది బాపు?"

"గదే. జాజు మీద."

ఎవరూ అలా అడగలేదు. ఎందుకు తిన్నావనే అడిగారు. అరుణశ్రీ ఆలోచించి చెప్పింది. "వాసన తలకాయల కూసుంటది. ఎవ్వలు మాట్లాడినా ఇనవడది. తిన్నంక ఒక్క నిమిషం నిమ్మలం. ఇగ మల్ల సిగ్గయితది."

హన్మయ్య తల ఊపాడు. "నాకూ గంతే. కాలి ఏళ్లు తీసినంక గూడ బాయికాడ మోటరు డబ్బాల బెల్లం దాచుకొని తింటున్న బిడ్డా. మీ అవ్వకు ఎర్కలేదు. నువ్వు నోరు కట్టుకున్నవని ఊరంత అంటుంటె, పిల్ల పాటి లేకపాయె నా బతుకు అనుకుంట గూడ తిన్న."

ఏ పాదాన్ని చూసి తాను ఇన్ని మానేసిందో ఆ పాదం మనిషి బావి దగ్గర కూర్చుని బెల్లం తింటున్నాడు. కోపం రావాల్సింది. రాలేదు. బాత్రూం అద్దం ముందు తల దించుకుని నిలబడ్డ తనే గుర్తొచ్చింది.

"ఒక పని చేద్దాం బాపు," అంది. "గుంజినప్పుడు దాచుకోవద్దు. నాకు ఫోన్ చెయ్యి. నాకు గుంజితె నీకు చేస్త."

"ఫోన్ చేస్తె ఆగుతదా?"

"ఎర్కలేదు. ఒక్కదాన్ని ఉన్నప్పుడైతె ఆగలే."

టిఫిన్ డబ్బాలతో వచ్చిన ముత్తమ్మ గుమ్మంలోనే ఇదంతా విన్నది. లోపలికొచ్చి డబ్బాలు ఠపీమని పెట్టింది. కూతురి డబ్బాలో మేక కాలేయం వేపుడు, తోటకూర. మొగుడి డబ్బాలో జొన్నరొట్టె, పప్పు. "ఇంట్ల ఒకరు మన్ను, ఒకరు బెల్లం. నడుమ నేనొక ఎడ్డిదాన్ని," అంది. వడ్డిస్తూ వడ్డిస్తూ కళ్లు తుడుచుకుంది.

మర్నాడు సాయంత్రం సింధుజ ఒక్కతే వచ్చింది. చాలాసేపు ఆఫీసు కబుర్లు చెప్పింది. లేచి వెళ్లబోతూ ఆగింది.

"అక్కా, నేను సుద్దముక్కలు తింటున్న. మా తమ్ముని బడిసంచిలకెల్లి తీస్కొని. గది గూడ ఇసొంటిదేనా?"

అరుణశ్రీ సింధుజను దగ్గరికి రమ్మని, డాక్టరమ్మ చేసినట్టే కింది కనురెప్ప లాగి చూసింది. లోపల ఎరుపు లేదు. ఈ పిల్లకు అన్నం మాన్పించింది తాను. గుడ్డు మాన్పించింది తాను. డబ్బాలో మటన్ కూర తెస్తే వెక్కిరించింది కూడా తానే.

"ఎప్పటి సంది?"

"నువ్వు చెప్పినట్టు తినుడు మొదలువెట్టిన కొన్ని దినాలకు. డైట్ పనిచేస్తున్నది కావచ్చు అనుకున్న."

అరుణశ్రీ రక్తం సీసా తగిలించిన ఇనుపకడ్డీని చేత్తో పట్టుకుని లేచి, సింధుజను వెంటబెట్టుకుని ఉమారాణి గదికి తానే నడిచింది.

సింధుజకు రక్తం ఎక్కించాల్సినంత రాలేదు, మాత్రలతో సరిపోయింది. హన్మయ్య కాలు దాదాపు రెండు నెలలు ఏడిపించింది. ఒక దశలో ఇంకో వేలు తీయాలన్నారు. తీయకుండానే మానింది. అరుణశ్రీకి ఇనుము మాత్రలు, మాంసం, ఆకుకూరలు. టీ తిండికి దూరంగా. జాజు మీద యావ ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. ముత్తమ్మ ఒకరోజు అరుగు అలుకుతుంటే పక్క నుంచే నడిచిపోయి, వీధి చివరికి వెళ్లాక ఆగి వెనక్కి చూసింది. తీపి మీద యావ మాత్రం పోలేదు. షుగరు భయమూ పోలేదు. అన్నం సగం, కూర రెండింతలు, తీపి పండుగ రోజున. ఇప్పుడు ఆమె లెక్క అంతే. ఒక్కోరోజు ఆ లెక్క తప్పుతుంది. తప్పిన రోజున ఇంట్లో చెబుతుంది.

మళ్లీ ఆఫీసుకు వెళ్తున్న కొత్తలో ఒక మధ్యాహ్నం మీటింగ్ మధ్యలో ఫోన్ మోగింది. అరుణశ్రీ బయటికొచ్చి ఎత్తింది.

"బిడ్డా, గుంజుతున్నది," అన్నాడు హన్మయ్య.

"ఏడున్నవ్ బాపు?"

"మోటరు కాడ. చెప్పులేసుకున్న."

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"రొట్టె. ఒక్కటే తిన్న, ఆకలైతలేదని."

"అది ఆకలే బాపు. ఇంటికి పొయ్యి ముందుగాల ఇంకో రొట్టె తిను. అప్పటిదాంక ఫోన్ పెట్టకు."

లోపల టీంలీడర్ తన పేరు పిలవడం వినిపించింది. అరుణశ్రీ గోడకు ఆనుకుని, చెవికి ఫోన్ నొక్కుకుని, గట్టు మీద తండ్రి చెప్పుల చప్పుడు వింటూ నిలబడింది.